కాడి దించినవాడి ఎద్దు

చీమకుర్తి,
జూన్ నెలాఖరు.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఫోనులో చెప్తే పోయేదానికి ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు గనక. మొన్న రాత్రి మీ అమ్మతో వీడియోకాల్‌లో నువ్వన్న మాటలు వసారాలో కూర్చున్న నాకూ వినపడ్డాయి. ‘ఇన్నాళ్లయినా వాడికి బొచ్చు రాలేదంటే నువ్వు సరిగ్గా చూసుకోవడం లేదనే గదా’ అన్నావు. మీ అమ్మ మారు మాట్లాడలేదు. ఆ మాట సంగతి తర్వాత చెప్తాను. ముందు నీ కుక్క పండు సంగతి. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి అందులో నీకంటే నాకు నాలుగు ముక్కలు ఎక్కువ తెలుసు.

దెబ్బ ఎలా తగిలిందో నువ్వు సరిగ్గా వినలేదు. మన ఊళ్లో గ్రానైట్ ముక్క లేని పెరడు ఉండదు. గెలాక్సీ అని దేశదేశాలవాళ్లు కొనుక్కుపోయే నల్లరాయి ఇక్కడి క్వారీల్లోదేనని నీకు తెలుసు; అందులో మిలమిలలాడే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజమని తెలుసో లేదో. పాలిష్ పట్టిన ముఖం నున్నగానే ఉంటుంది గాని, విరిగిన అంచు తోలు లేపేస్తుంది. బట్టలుతికే తిన్నెకని మీ నాన్న తెచ్చి గోడకు చేరేసిన ముక్కల మధ్య నుంచి పండు ఉడత వెంట దూరాడు. వీపు మీద, తోకకు కాస్త ముందు, రూపాయి బిళ్లంత మేర గీరుకుపోయింది. అంతే. కుట్లు కూడా పడలేదు. డాక్టరుగారు మాత్రం పుండు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున బొచ్చు కత్తిరించారు. పొడుగు బొచ్చు పుండులోకి దిగితే తడి ఆరదు, చీము పడుతుంది. ఆయన చేసింది సరైన పనే. నువ్వు ఫోటోలో చూసి గుండె బాదుకుంటున్న బోడి మచ్చలో చాలా భాగం కత్తెర చేసినదే, రాయి చేసింది కాదు.

ఇక అసలు విషయం. అమ్మినవాడు నీకు పొమేరియన్ అని చెప్పాడు. పండు పొమేరియన్ కాదమ్మాయ్, ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’లో, అదే మనకు ‘ప్రేమాలయం’గా వచ్చినదాంట్లో, క్రికెట్ అంపైరుగా నిలబడిన టఫీ ఈ జాతే. ఆ సినిమా తర్వాత ఇలాంటి తెల్లకుక్క లేని పెద్దిల్లు ఒంగోలులో ఉండేది కాదు. వీటికి రెండు వరసల బొచ్చు. పైన గరుకైన పొడుగు వెంట్రుకలు, కింద దూదిలాంటి పొట్టి నూగు. మనకు ఒక్కో రంధ్రంలో సాధారణంగా ఒకటో రెండో వెంట్రుకలు వస్తే, కుక్కకు ఒక్కో రంధ్రం నుంచి ఓ పొడుగు వెంట్రుక, దాని చుట్టూ నూగు గుత్తిగా వస్తాయి.

ఆ వెంట్రుక ఎప్పుడూ పెరుగుతూ ఉండదు. కొన్నాళ్లు పెరుగుతుంది, ఆగుతుంది, ఆ తర్వాత విశ్రాంతిగా అలాగే నిలబడి ఉంటుంది. పూడిల్‌ జాతి కుక్కల్లో పెరిగే దశ ఎక్కువ, అందుకే వాటికి నెలనెలా కత్తిరింపు కావాలి. స్పిట్జ్ జాతుల్లో విశ్రాంతి దశ ఎక్కువ. విశ్రాంతిలో ఉన్నదాన్ని కత్తిరిస్తే మొదలు లోపలే ఉండిపోతుంది. దాని వంతు మళ్లీ వచ్చేదాకా అది కదలదు. లాబ్రడార్‌కు ఆపరేషను కోసం బొచ్చు తీస్తే మూడు నాలుగు నెలల్లో కమ్ముకుంటుంది. స్పిట్జ్ జాతివాటికి ఆర్నెల్లు, ఏడాది, కొన్నిటికి అంతకు మించి కూడా పట్టొచ్చు. డాక్టర్లు దీన్ని పోస్ట్ క్లిప్పింగ్ అలోపీషియా అంటారు. ఇందులో వింత ఏమిటంటే, ఇలాంటి కుక్కల్లో కొన్నిటికి కత్తెర పడ్డచోట కంటే తోలు గీరుకున్నచోటే ముందు బొచ్చు లేస్తుంది. గాయం మానే హడావిడిలో అక్కడి వెంట్రుక మొదళ్లు మేలుకుంటాయి. పండుకు ఇప్పుడు జరుగుతున్నది అదే. నిన్న పొద్దున ఎండ వెలుతురులో కళ్లజోడు పెట్టుకుని చూశాను. పక్కు దానంతటదే ఊడిన చోట చర్మం గులాబీ రంగు పోయి బూడిద రంగుకు తిరిగింది. మధ్యలో వేలితో తడిమితే గాని తెలియనంత నూగు వచ్చింది. చుట్టూ కత్తెర వేసిన మేర ఇంకా బోడిగానే ఉంది. నీ ఫోను కెమెరాకు ఆ బోడి కనపడుతుంది, నూగు కనపడదు.

నువ్వు కొరియర్లో పంపిన పెట్టె మీ అమ్మ నా దగ్గరికి తెచ్చింది. విప్పి చూశాం. జుట్టు మొలిపించే సీరం, బయోటిన్ బిళ్లలు, మనుషుల తామరకు వాడే ట్యూబు, సువాసన షాంపూ. ఏదీ వాడొద్దన్నాను. ఆ ట్యూబులో స్టిరాయిడ్ ఉంది. ఊరికే రాస్తూ పోతే చర్మం పల్చబడి, వచ్చే బొచ్చు కూడా ఆగుతుంది. సీరం సంగతి ఇంకా చెడ్డది. కుక్క వీపు మీద రాసింది కుక్క కడుపులోకే పోతుంది, నాకుతుంది గనక. కుక్క పైచర్మం మనకంటే బాగా పల్చన, దాని ఆమ్లత్వం కూడా మనలా ఉండదు. మన షాంపూ దానికి మంట, పొడిబారడం తప్ప ఇంకేం చేయదు. బయోటిన్ అంటావా, పచ్చి గుడ్డు తెల్లసొన అదే పనిగా పెడితే తప్ప కుక్కకు దాని లోటు రావడం అరుదు. గుడ్డు ఉడికించి పెడితే చాలు, బిళ్ల అక్కర్లేదు.

మా ఊరి వైద్యాలు గొప్పవని నేను అననులే. గజ్జి కుక్క మీద బండిలో తీసేసిన ఇంజనాయిలు పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కిరసనాయిలు, కర్పూరం కలిపిన నూనె, నాటు పసర్లు, అన్నీ చూశాను. ఆయిలు పోస్తే పురుగు చస్తుందో లేదో గాని, నాకిన కుక్క లోపల లివరూ కిడ్నీలూ పాడయ్యి చస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది గదా, పని చేస్తోందని సంబరపడతారు. ఆ నురగలో క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాలూ పోతాయి.

మీ అమ్మ ఏం చేసిందో చెప్తాను, విను. లీటరు నీళ్లు కాచి చల్లార్చి, తొమ్మిది గ్రాముల ఉప్పు తూచి వేసి, పూటపూటా తుడిచింది. దూదితో కాదు, శుభ్రమైన పాత నూలు గుడ్డతో. పత్తి పండే ఊళ్లో పుట్టి దూది వద్దంటున్నానని నవ్వకు, విడి దూది పోగులు పక్కుకు అతుక్కుని, లాగినప్పుడు పక్కునూ లేపేస్తాయి. అవి ఆవకాయ రోజులు. కారం కలిపిన చేత్తో పండును ముట్టుకుంటే మంటపెడుతుందని, పచ్చడి పని అంతా అయ్యి చేతులు రెండుసార్లు కడుక్కుంటే గాని వాడి జోలికి పోలేదు. డాక్టరుగారిచ్చిన ప్లాస్టిక్ గొట్టం మెడకు పెడితే పండు గుమ్మాలకు గుద్దుకుని ఏడ్చాడు. అప్పుడు మీ నాన్న పాత పంచె మడతలు వేసి, లోపల దూది కూరి, మెడ చుట్టూ లావుగా వచ్చేలా పట్టీ కుట్టింది. దూది అక్కడ పనికొచ్చింది. వీపు దాకా వాడి నోరు అందలేదు. కుక్క నాలుకలో మందుందని మన వాళ్లంటారు. మందు సంగతేమో గాని, నాలుక గరుకు, ఎప్పుడూ తడి. మానేదాన్ని అదే మళ్లీ గీరుతుంది. ఈగ వాలకుండా మధ్యాహ్నాలు ఫ్యాను కింద పడుకోబెట్టి కాపలా కాసింది. ఎండాకాలం పుండు మీద ఈగ గుడ్డు పెట్టిందంటే ఒక్క రోజులో పురుగు పడుతుంది. అది పడలేదు. ఎవరి వల్ల పడలేదో ఆలోచించు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కుక్కను ఆసుపత్రికి తెచ్చేవాళ్లు అరుదు. వచ్చేవన్నీ ఎద్దులూ గేదెలే. దుక్కుల రోజుల్లో కాడి రాపిడికి మెడ పుండ్లు పడేవి. మేం అందరికీ ఒకే మందు ఇచ్చేవాళ్లం. కొందరు మందు రాసి, గోనెపట్టా అడ్డం పెట్టి మళ్లీ కాడి కట్టేవాళ్లు; అదును పోతుందని వాళ్ల భయం వాళ్లది, తప్పు పట్టలేను. కొందరు అరువుకో బాడుగకో వేరే జత తెచ్చుకుని, పుండు పడ్డ ఎద్దును చెట్టు కింద కట్టేసేవాళ్లు. మందు మాత్రమే రాసినవాడి ఎద్దు మెడ తోలు మందమై, బోడిగా మిగిలిపోయేది. కాడి దించినవాడి ఎద్దుకు వెంట్రుక వచ్చేది. ఎర్ర ఎద్దుకైతే ఆ చోట తెల్లగా వచ్చేది, రంగు పుట్టించే కణాలు దెబ్బ తినడం వల్ల. తెల్లటి ఒంగోలు ఎద్దుకు ఆ తేడా ఎవరికి తెలుస్తుంది! పండూ తెల్లవాడే, వాడికీ ఆ బెంగ లేదు.

నాకు అర్థమైన వైద్యం ఇంతే తల్లీ. బొచ్చు మనం మొలిపించేది కాదు. మొదళ్లు చావకుండా ఉంటే అదే వస్తుంది. చర్మం లోతుగా పోయి, మచ్చ నున్నగా మెరుస్తూ మిగిలితే ఏ సీరమూ తేలేదు. మన పని అడ్డాలు తీయడమే. నాకడం, గోక్కోవడం, పదేపదే స్నానాలు, గోమార్లు, ఎండ. బోడి చర్మం మీద మన ఎండ తగిలితే కమిలిపోతుంది. అందుకే పదింటి తర్వాత వాణ్ని డాబా ఎక్కనివ్వొద్దన్నాను. ‘వేసవి గదా, ఒళ్లంతా గొరిగించు’ అని కూడా చెప్పావట మీ అమ్మకు. ఆ పని మాత్రం చేయొద్దు. ఆ రెండు వరసల బొచ్చే వాడికి వేడి నుంచి కాపు. ఒళ్లంతా గొరిగితే ఇప్పుడు అరచేయంత ఉన్న ఎదురుచూపు ఒళ్లంతా అవుతుంది.

తిండి విషయంలో మాత్రం మీ ఇంటిది తప్పే. పెరుగన్నం, పాలల్లో నానేసిన బిస్కెట్లు. కుక్క తిన్న మాంసకృత్తుల్లో పావు వంతుకు పైగా చర్మానికీ బొచ్చుకూ పోతాయి. పెరుగన్నంతో అది ఎక్కడి నుంచి వస్తుంది? ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం, కొత్తపట్నం నుంచి చేపలొచ్చినప్పుడు ముళ్లు తీసి ఉడకబెట్టినది, ఉప్పూ కారం లేకుండా. ఉల్లి, వెల్లుల్లి అసలు వద్దు, అవి కుక్క రక్తాన్ని విరిచేస్తాయి. ఇది మీ అమ్మకు చెప్పాను, ఒప్పుకుంది. వాడే ఒప్పుకోవడం లేదు, బిస్కెట్ డబ్బా దగ్గరే కూర్చుంటున్నాడు.

ఓర్పు అంటే పట్టించుకోకపోవడం కాదని నీకు చెప్పక్కర్లేదు. బోడి మచ్చ పెద్దదవుతున్నా, అంచులు గుండ్రంగా పొట్టు లేస్తున్నా, దురద పెట్టి రాత్రిళ్లు గోక్కుంటున్నా, వాసనొస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తామరైతే ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. గజ్జి అవునో కాదో చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తే గాని తేలదు. రెండు పక్కలా సమంగా బొచ్చు పల్చబడి, మందకొడిగా, లావుగా అవుతుంటే థైరాయిడ్ అనుమానించాలి. పండుకు ఇవేవీ లేవు. అయినా వారానికోసారి చూస్తున్నాను. అదే రోజు, అదే వెలుతురులో. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. నీకు ఫోటో కావాలంటే నెలకొకటి పంపమంటాను, అంతకు మించి అడగొద్దు.

ఇప్పుడు ఆ రాత్రి మాట. పండు పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా పెట్టావని, మచ్చ వచ్చిన దగ్గర్నుంచి ఫోటోలు వేయడం మానేశావని మీ నాన్న చెప్పాడు. నిజం చెప్పు, నీ బెంగ వాడి ఒంటి గురించా, ఫోటో గురించా? రెండూ ఉండొచ్చు, తప్పు లేదు. కానీ పండుకు అద్దం లేదు. వాడు ఆ బోడి వీపుతోనే ఉడతల వెంట పడుతున్నాడు. దూరాన ఉన్నవాళ్ల బెంగ తొందరగా అజమాయిషీ అయిపోతుంది. చేతిలో పని ఉండదు, అందుకని నోటికి పని చెబుతాం. నువ్వు బెంగళూరులో కూర్చుని కంగారు పడ్డావు, కంగారుకు ఏదో ఒకటి చేయాలి, పెట్టె కొన్నావు. పెట్టె వాడలేదని తెలిసి మీ అమ్మ మీద విరుచుకుపడ్డావు. పుండు కడిగినావిడ ఆవిడ, వాసన చూసినావిడ ఆవిడ. ఆవిడ చూసిన దాన్ని నువ్వు తెర మీద చూసి తీర్పు చెప్పడమేంటి? కుక్క మెడ మీద కాడి లేదు గాని, మీ అమ్మ మెడ మీద ఉంది. అది నువ్వు పెట్టిందే, నువ్వే దించాలి. నేను చెప్పానని కాకుండా నీ అంతట నువ్వే ఫోను చెయ్యి. పండు గురించి అడక్కుండా మొదలుపెట్టు, ఆ అలవాటు నీకు తప్పిపోయింది.

ఇంకొకటి, మర్చిపోయేలోగా. జులై 6 వస్తోంది. 1885లో అదే రోజు పారిస్‌లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి టీకా వేయించాడు. ఆ గుర్తుగా మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పండుకు ఈ ఏటి టీకా పడలేదని మీ నాన్న అనుమానం. పుండు మానింది కాబట్టి వేయించొచ్చు, నేనే తీసుకెళ్తాను. టీకాల పుస్తకం నీ బీరువాలో ఉందట. తాళంచెవి ఎక్కడ పెట్టి పోయావో మీ అమ్మకు చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న