భర్త ఐ.పి. పెట్టినచో భార్య మాటేమిటి?

వాక్యభాగము: 2 రాజులు 4:1–7



ఈ వాక్యభాగములోని స్త్రీ అప్పు చేయలేదు. చేసినవాడు ఆమె భర్త. ప్రవక్తల శిష్యులలో ఒకడు, భక్తిపరుడే. ఆయన చనిపోయెను గాని అప్పు చావలేదు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవుటకు వచ్చెను.

బ్రతుకుదెరువుకై మన పెద్దలు వచ్చి స్థిరపడిన ఈ ఊళ్లలో దుకాణమునకో, పిల్ల పెండ్లికో అప్పుచేసి, తీర్చలేక ఐ.పి. పెట్టిన సహోదరులను మేము ఎరుగుదుము. ఒక సహోదరి, "కోర్టు నోటీసు వచ్చినప్పుడే నాకు తెలిసిందండి అయ్యగారూ" అన్నది. "మీరు ఎక్కడైనా సంతకం పెట్టారా అమ్మా?" అని అడిగితిమి. చాలాసేపు ఆలోచించి, "ఆయన చూపించిన చోటల్లా పెట్టాను" అన్నది.

ఆ సంతకమే అసలు సంగతి. చెన్నై, ముంబయి నగరములకు 1909 నాటి చట్టము వేరే ఉన్నది. మనవారు నివసించు చాలా ఊళ్లలో 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము వర్తించును. దాని క్రింద భర్తకు కోర్టు విడుదల ఇచ్చినను, అతనితో కలిసి పత్రము వ్రాసినవారికి, జామీను ఉన్నవారికి ఆ విడుదల రాదు. మిగిలిన బాకీ అంతయు ఆమెనే అడుగవచ్చును. సంతకము లేనిచో భర్త అప్పు ఆమెది కాదు. 1925 వారసత్వ చట్టము ప్రకారము పెండ్లియైనంత మాత్రమున ఒకరి ఆస్తి మరియొకరిది కాదు. 1874 చట్టము ప్రకారము ఆమె సొంత సంపాదన ఆమెదే. ఇల్లు ఇద్దరి పేర ఉన్నచో అతని భాగము మాత్రము కోర్టు చేతికి పోవును.

కొందరు ముందుగానే ఇల్లు భార్య పేర వ్రాసివేయుదురు. (ఈ ఉపాయము చెప్పువారు మన సంఘములలోనే ఉన్నారు, ఏమి చేయుదుము!) వ్రాసిన రెండేండ్లలోపు పిటిషను పడి దివాలా తీర్మానమైనచో, ఊరకే వ్రాసిన ఆ పత్రమును కోర్టు రద్దు చేయవచ్చును. అననీయ సప్పీరాలను తలంచుడి. పేతురు ఆమెను భర్త వెనుక చేర్చి లెక్కింపలేదు, వేరుగా అడిగెను. ఆమె తన నోటితో తాను జవాబు చెప్పవలసివచ్చెను.

ఎలీషా ఆ విధవరాలిని, ఇంటిలో ఏమున్నదని అడిగెను. దాచకుండ చెప్పినది. ఇరుగుపొరుగువారు ఒట్టి పాత్రలు ఇచ్చిరి. నూనె అమ్మి మొదట అప్పు తీర్చినది, మిగిలినదానితో బ్రతికిరి. మనమైతే ఐ.పి. పెట్టిన ఇంటికి కూడికలే మానివేయుదుము.

మేము ఆ సహోదరితో బ్యాంకుకు వెళ్లి పత్రములు తీయించి చూచితిమి. నాలుగింటిలో రెండింటిమీదనే ఆమె సంతకమున్నది. ఆ రెండింటికి కుట్టుపని చేసి నెలనెలా కట్టుచున్నది. భర్త ఇప్పుడు ఇంటికి వచ్చిన ప్రతి కాగితమును మొదట ఆమెకు చదివి వినిపించుచున్నాడు.