కుటీరములో భోగము

ఇటీవల సంపన్నులు సెలవులకు తోటలలోని కుటీరములను, గుడారములను అద్దెకు తీసుకొనుచున్నారు. పైన తాటాకు, లోన ఏసీ, మెత్తని పరుపు. ఇది నిరాడంబర జీవనమగునా?

ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ 1783లో వెర్సేల్సు ఉద్యానమున ఒక పల్లెను కట్టింప మొదలిడెను. రాణిగారి యింటికి వెలుపల బీటలువారినట్టి గోడలు, లోపల రాజభోగము. 1936లో గాంధీజీ సేవాగ్రామమున మట్టి, వెదురులతో కట్టిన కుటీరమున నివసించెను. పేరు ఒకటే, నడవడి వేరు.

అయినను ఈ విహారమును నిందింపరాదు. నగరపు బిడ్డలకు అచ్చట నక్షత్రములు కనబడును. గ్రామస్థులకు పని దొరకును. కాని నిజముగా తాటాకు క్రింద బ్రతుకువాడు వానకాలమున గట్టి కప్పునే కోరును. వాని లేమి వేడుక కారాదు.

భోగ్యవస్తువులకు మితి నేర్పరచుకొనుటయే గృహస్థుని భోగోపభోగ పరిమాణ వ్రతము. ఆ లెక్కలో తాటాకు క్రిందనున్నను ఏసీ ఏసీయే. ఇల్లు చేరిన పిదప ఒక్క వస్తువైనను అనవసరమని తోచినచో, ఆ సెలవు లాభమే.