తప్పదు అన్నదంతా ముఖ్యమేనా?

ఒక ప్రశ్నను ఇంకో భాషలోకి తెచ్చినప్పుడు, ఆ ప్రశ్నకు తనకోసం జవాబు చెప్పుకునే హక్కు కూడా దానితో వస్తుందా? ఆక్యుపేషనల్ థెరపిస్టులు వాడే స్వీయ అంచనా ప్రశ్నావళిని తెలుగు చేయడమంటే ఈ ప్రశ్నను ఎదుర్కోవడమే.

షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గ్యారీ కీల్‌హాఫ్నర్ బృందం రూపొందించిన ఈ పత్రంలో 21 అంశాలున్నాయి. ఇల్లు చూసుకోవడం, తనపై ఆధారపడ్డవాళ్లను చూసుకోవడం, డబ్బు వ్యవహారాలు, సేదదీరడం, ఇష్టమైన పనులు చేసుకోవడం వంటివి. జబ్బుపడ్డ మనిషి ఒక్కొక్కదానికి రెండు జవాబులివ్వాలి: ఎంత బాగా చేయగలుగుతున్నాను? అది నాకెంత ముఖ్యం? చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో ఆ జవాబులే చెబుతాయి.

'ఆక్యుపేషన్' అంటే ఇక్కడ రోజును నింపే పనులన్నీ. తెలుగులో వృత్తి అనగానే కులవృత్తో, ఉద్యోగమో గుర్తొస్తుంది. ఇంటిచాకిరీ అందులోకి రాదు. 2011 జనాభా లెక్కల్లోనూ ఇంటిపని మాత్రమే చేసే స్త్రీ 'పనిచేయనివారి' కిందే లెక్క. 2019 జాతీయ కాలవినియోగ సర్వే మాత్రం, ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని చెప్పింది. కాబట్టి 'రోజూ చేసే పనులు' అంటే సరిపోతుంది. ఈ చిక్కు తేలికైనదే.

అసలు చిక్కు 'ముఖ్యం' దగ్గరుంది. జహీరాబాద్ దాటాక, కర్ణాటక సరిహద్దున ఉన్న చిరాగ్‌పల్లిలో చెయ్యి విరిగిన ఒక కూలి స్త్రీని అడిగామనుకుందాం. ఇంట్లోవాళ్లకు వండిపెట్టడం ఎంత ముఖ్యం? "తప్పదు గద" అంటుంది. 'అన్నిటికన్నా ముఖ్యం' గడిలో టిక్కు పడుతుంది. సేదదీరడమో? "రికాం యాడిది?" 'అంత ముఖ్యం కాదు' గడిలో ఇంకో టిక్కు. ఆ కాగితం ప్రకారం ఆమె చెయ్యి మళ్లీ చాకిరీకి పనికొస్తే చికిత్స సఫలమైనట్టే! అనువాదాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూసే పద్ధతికి ఈ పొరపాటు దొరకదు. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా. తప్పదు అనే మాటలోనే తప్పు ఉంది. చేయకపోతే తప్పుబడతారన్న భయం ఇష్టంగా నమోదైపోయింది.

దీనికి కొందరు చెప్పే పరిష్కారం, సేదదీరడం, ఇష్టాలు మన సంస్కృతికి అతకవు కాబట్టి తీసేద్దామని. వ్యక్తిని కేంద్రంగా పెట్టుకున్న పాశ్చాత్య చికిత్సా నమూనాలను మైకెల్ ఇవామా 2006లో 'కావా' నమూనాతో ప్రశ్నించాడు. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ 'మేమంతా ఒకటి' అనే ఇంట్లో ఆ ఒక్కటి ఎవరి నడుం మీద నిలబడింది? ఆమెకు కోరికలు ఉండవని సంస్కృతి పేరుతో ముందే తేల్చడానికి మనమెవరం? ఇదే జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీలు 2008లో సొంత రేడియో మొదలుపెట్టి తమ మాట తామే వినిపించారు. వాళ్లకు చెప్పడం రాదనడం అబద్ధం.

ప్రశ్నను ఉంచాలి, భాషను మార్చాలి. "రికాం దొరికితే ఏం చేస్తవక్కా?" అని అడగాలి. ముఖ్యమా, తప్పదా అన్నది విడిగా అడగాలి. గడి పక్కన ఆమె మాటను ఆమె చెప్పినట్టే రాయాలి. ఏ చికిత్స కావాలో ఆ మాటను బట్టే తేలాలి.