అద్దం మీది మరకా? అద్దంలోని మరకా?



మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో రోజూ పొద్దున్నే కనిపించే సీనే ఇది. ఒక బకెట్ బోరు నీళ్లు, ఒక పాత గుడ్డ, వరసగా పది కార్లు. గబగబా కడిగేసి వెళ్లిపోతారు. కారు బయటికి వస్తుంది, ఎండ తగులుతుంది, నీళ్లు ఆరిపోతాయి. కానీ ఆ నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఎక్కడికీ పోవు. ఏ చుక్క ఎక్కడ ఆరిందో అక్కడే తెల్లటి గుండ్రటి మరకగా కూర్చుంటాయి. ఇంట్లో గీజర్ లోపల, బకెట్ అంచుకి పట్టే తెల్లటి పొర కూడా ఇదే.

పగలు ఈ మరకల్ని పెద్దగా పట్టించుకోం. రాత్రి ఎదురుగా ఒక బండి హెడ్‌లైట్ వేసుకుని వస్తే అప్పుడు తెలుస్తుంది. ఒక్కో చుక్కా వెలుగుని చెదరగొట్టి, అద్దమంతా పాలు చల్లినట్టు చేసేస్తుంది. ఆ రెండు సెకన్లలో రోడ్డు దాటుతున్న మనిషి మనకి కనపడకపోవచ్చు.

ఇదంతా ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకి నాకు జవాబు ఈ అద్దం దగ్గరే దొరికింది. అతను ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు. 41 రోజులు చన్నీళ్ల స్నానం, నేల పడక, నోట్లోంచి ఒక్క గట్టి మాట రాదు. మాల తీసిన వారానికి కోపం మళ్లీ మామూలే. "అన్నా, నేను ఇంట్లోకి రాగానే మా పాప టీవీ సౌండ్ తగ్గించేసి లోపలికి వెళ్లిపోతోంది. దానికి ఆరేళ్లు. ఇప్పటిదాకా దాని మీద చెయ్యి కూడా ఎత్తలేదు. అరుస్తానంతే. ఇన్ని దీక్షలు చేసినా ఈ మరక ఎందుకు పోవట్లేదు?" అన్నాడు.

గీత మూడో అధ్యాయంలో అర్జునుడు అడిగింది కూడా దాదాపు ఇదే కదా! ఇష్టం లేకపోయినా మనిషి తప్పు ఎందుకు చేస్తాడు అని. దానికి జవాబు చెబుతూ 38వ శ్లోకంలో కృష్ణుడు మూడు పోలికలు తెస్తాడు. నిప్పు–పొగ, అద్దం–దుమ్ము, శిశువు–మావి. పెద్దలు వీటిని మూడు మెట్లుగా వివరిస్తారు. పొగకి గాలి చాలు. దుమ్ముని తుడవాలి. మావికైతే సమయం రావాలి.

కారు అద్దానికీ ఇలాంటి మెట్లే ఉన్నాయి. మామూలు దుమ్ము నీళ్లకే పోతుంది. కానీ ముందు తడపాలి. దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుక గాజు కంటే గట్టిది. పొడిగా రుద్దితే మరక పోకపోగా గీతలు పడతాయి. తెల్ల మరకలకి వైట్ వెనిగర్ వాడతారు. అందులోని ఆమ్లం కాల్షియం పొరని కరిగిస్తుంది. గుడ్డ తడిపి కాసేపు అద్దం మీద వేసి ఉంచితే చాలా వరకు వదులుతాయి.

కొన్ని దానికీ వదలవు. గ్లాస్ పాలిష్ చేసే ఒకతను నాకు వేలితో చూపించి చెప్పాడు: "అన్నా, ఇది పైన కూర్చున్న మరక కాదు. లోపల గ్లాసునే తినేసింది."

నెలల తరబడి మళ్లీ మళ్లీ తడిసి ఆరిన చోట నిజంగానే గాజు పైపొర దెబ్బతింటుంది. అప్పుడు సీరియం ఆక్సైడ్ అనే పొడిని నీళ్లలో కలిపి, ఫెల్ట్ ప్యాడ్‌తో నెమ్మదిగా పాలిష్ చేస్తారు. ఆ పాలిష్ చేసే పనేంటంటే, మరక చుట్టూ ఉన్న మంచి గాజుని కూడా కొంచెం కొంచెం అరగదీసి, అంతా ఒకే మట్టానికి తేవడం. అంటే, మరక ఒక్కటే పోదు. దాంతోపాటు మనదీ కొంత పోతుంది.

ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. "ఆత్మ ఎప్పుడూ శుద్ధమే, మరకలు పైపైనే" అని మనం తరచూ వింటాం. నిజమే. కానీ ఆ మాట ఆత్మ గురించి, మనసు గురించి కాదు. మనసు అద్దం లాంటి ఒక పనిముట్టు. వెలుగుకి మరక అంటదు, అద్దానికి అంటుతుంది, లోపలికి కూడా దిగుతుంది. "నేను ఎలాగూ శుద్ధుణ్ణే" అనుకుని వదిలేసేవాడూ, "నేను పాపిని, ఇక మారను" అని కూలబడేవాడూ ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఒకడు అద్దాన్ని వెలుగనుకున్నాడు, ఇంకొకడు వెలుగునే మరకనుకున్నాడు.

ఆ తమ్ముడితో నేను అన్నది ఇదీ. దీక్ష వృథా కాలేదు. మాలలో ఉన్నప్పుడు ఎదుటి మనిషిలో స్వామిని చూస్తాం. ఆ చూపే తడి. తడి ఉన్నన్నాళ్లూ మరక కనపడదు, ఆరగానే తేలుతుంది. తడిసిన గాజు మీద మచ్చలు కనపడకపోవడం, అవి పోవడం రెండూ ఒకటి కాదు. నీ కోపం ఇప్పుడు నీ దగ్గరే లేదు, పాప మనసులోకి దిగింది. అది అరగాలంటే నీదీ కొంత అరగాలి. "ఇంటి పెద్దని నేను, నాకు ఎదురు చెప్పకూడదు" అనే పొర ఉంది చూడు, అది. ఆరేళ్ల పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని "నాన్న అరిచాడు, తప్పు నాన్నదే" అని చెప్పడం 41 రోజుల చన్నీళ్ల స్నానం కంటే కష్టం. అదీ ఒక్కసారి చెబితే సరిపోదు. పాప నమ్మేదాకా చెప్పాలి, చెప్పినట్టు ఉండాలి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒకేచోట అదే పనిగా పాలిష్ చేస్తే గాజు అక్కడ పల్లమై, రోడ్డు వంకరగా కనపడుతుంది. రోజంతా "నేను చెడ్డవాణ్ణి, చెడ్డవాణ్ణి" అని ఒక్క తప్పునే రుద్దుకోవడం కూడా అంతే. అది పశ్చాత్తాపంలా కనిపిస్తుంది గానీ, అందులోనూ మనం చూసేది మనల్నే. పాప మళ్లీ పక్కకే ఉండిపోతుంది.

గోరు పెడితే తగిలేంత లోతు గీతలు పాలిష్‌తో పోవు. అలాంటివి మనుషుల మధ్య కూడా ఉంటాయి. కొన్ని బంధాలు మునుపటిలా అవ్వవు. అప్పుడు ఆ గీత ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, ఆ వైపు మరింత జాగ్రత్తగా చూస్తూ నడపడమే మనం చేయగలిగింది.

అన్నిటికంటే సులువైన పని మాత్రం మరక పడకముందే ఉంది. నీళ్లు ఆరకముందే మెత్తటి గుడ్డతో ఒత్తి తుడిచేస్తే చాలు, ఒక్క నిమిషం పని. పొద్దున అన్న మాటకి సాయంత్రం దీపం పెట్టేలోపు క్షమాపణ చెప్పేస్తే, అది గాజులోకి దిగదు.

చిత్తశుద్ధి అంటే మనం మెరిసిపోవడానికి చేసుకునే పాలిష్ అని చాలామంది అనుకుంటారు. కారులో కూర్చున్నవాడు తన అద్దం అందం కోసం దాన్ని తుడవడు కదా! చీకట్లో రోడ్డు దాటుతున్న మనిషి కనపడాలని తుడుస్తాడు. మన సాధన కూడా ఆ మనిషి కోసమే. ఒక్కోసారి ఆ మనిషికి ఆరేళ్లే ఉంటాయి.

శుభం.