ఇంజన్ ఆపాక

మోటర్‌హోమ్‌కి ఏ ఏసీ సరైనదని ఒక కొలీగ్ అడిగాడు. ఎన్ని టన్నులు, ఏ కంపెనీ అన్నది తర్వాత. బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే అసలు చిక్కు.

మా బెల్లంపల్లి వైపు బండిలో కాపురం ఉండేది లారీ డ్రైవర్లే. బొగ్గు లోడింగ్ కోసం లైన్లో నిలబడ్డ క్యాబినే వాళ్లకి పడగ్గది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన సరుకు బండ్ల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. మంచి రూలే. కానీ మామూలుగా లారీ ఏసీ కంప్రెసర్‌ని తిప్పేది ఇంజనే. ఇంజన్ ఆపితే ఏసీ బంద్. ఆపకపోతే డీజిల్ ఎవరి జేబులోంచి?

డ్రైవర్ అలసిపోతే ప్రమాదాలు జరుగుతాయి కాబట్టి ఏసీ ఉండాలంటాం. ఆ వాదనలో నాకు డ్రైవర్ కంటే ఎదురొచ్చే మన కారే ఎక్కువ కనిపిస్తుంది. స్టీరింగ్ పట్టుకున్నంతసేపూ అతని ఒళ్లు మన బాధ్యత. రాత్రంతా నడిపొచ్చి మే నెల ఎండలో కళ్లు మూసుకుంటే అతని ఖర్మ.

బ్యాటరీ ఏసీలు ఉన్నాయి కదా అనొచ్చు. 24 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 3.6 యూనిట్లు. కిలోవాట్ తాగే ఏసీకి మూడున్నర గంటలు, అదీ కాగితం మీద. తర్వాత బండి స్టార్ట్ కాదు. చిన్న ఏసీ, దానికి వేరే బ్యాటరీ పెట్టించొచ్చు. ఆ డబ్బు ఓనరే పెట్టాలంటాను నేను.

పక్కనే జైపూర్‌లో (మనదే, రాజస్థాన్‌ది కాదు) సింగరేణికి 1200 మెగావాట్ల ప్లాంట్ ఉంది. హైదరాబాద్‌లో మా ఆఫీసు ఏసీకి వణికి జాకెట్ వేసుకునేవాళ్లున్నారు. బయటి దేశాల మోటర్‌హోమ్ క్యాంపుల్లో బండి పక్కనే ప్లగ్ పాయింట్ ఇస్తారు. లోడింగ్ యార్డులో లారీకి అలాంటిది పెట్టడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు, వైరూ మీటరూ చాలు.