రాతి మోత, డప్పు మోత

మోత పవిత్రమై, దాన్ని మోగించే చెయ్యి మాత్రం మైలపడటం ఎట్లా సంభవించింది? మన గ్రామాల్లో జాతర సాగాలన్నా, శవం లేవాలన్నా డప్పు కావాలి. కాని ఆ డప్పు కొట్టే మాదిగను శతాబ్దాల తరబడి గుడి గడప అవతలే నిలిపారు. ఇది అనాది ధర్మమంటారు కొందరు. అనాదినే అడిగి చూద్దాం.

బళ్ళారి దగ్గర కుప్గల్ కొండ మీద నవీన శిలాయుగపు పశుపాలకులు చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయి. వాటి నడుమ కొన్ని నల్లని డోలరైటు బండల మీద కొట్టగా కొట్టగా పడిన గుంటలున్నాయి. రాతితో కొడితే అవి గంటల్లా మోగుతాయి. 1892లో ఫాసెట్ లోకానికి తెలిపిన ఆ స్థలాన్ని నికోల్ బోవిన్ తిరిగి పరిశీలించి, ఆ మోత కర్మకాండలో భాగం కావచ్చునని 2004లో రాశారు. ఆ కొండ డోలరైటుతోనే ఆనాటివారు గొడ్డళ్ళూ చేసుకున్నారు. పనిముట్టునిచ్చిన రాయే నాదాన్నీ ఇచ్చింది.

ఆ సమాజంలో హెచ్చుతగ్గులు లేవని రాయి సాక్ష్యమివ్వదు. శ్రమ మైల అని కూడా చెప్పదు. మైలను పుట్టించింది శబ్దం కాదు; చచ్చిన గొడ్డు తోలు ఒకరి చేత ఒలిపించి, దాని మోతను తాము వాడుకున్న వ్యవస్థ.

అయితే హైదరాబాదు వేదికల మీద డప్పుకు చప్పట్లు కొడితే సరిపోతుందా? చాలదు. పెత్తందారు ఆజ్ఞకు మోగిన డప్పు వెట్టి. 1994లో మాదిగలు తమ ఉద్యమానికి దండోరా అని పేరు పెట్టుకున్నప్పుడు అదే మోత హక్కుల ప్రకటన అయింది. వాద్యం మారలేదు, ఎవరి ఇచ్ఛతో మోగుతున్నదన్నదే మారింది.

కాబట్టి ఏ వాద్యం విషయంలోనైనా మొదట అడగవలసింది దాని ప్రాచీనతను గురించి కాదు. మోగించేవానికి మోగించకుండా వుండే స్వేచ్ఛ వున్నదా అని.