కారణం అడగని ఇల్లు

"నీకేం తక్కువ?" డిప్రెషన్‌లో ఉన్న మనిషికి తెలుగింట్లో తరచుగా ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. అడిగే అమ్మ గొంతులో ప్రేమ ఉంటుంది, భయమూ ఉంటుంది. వేళకు తిండి ఉంది, ఉద్యోగం ఉంది, రత్నాల్లాంటి పిల్లలున్నారు, ఇంకేం కావాలన్నది ఆమె లెక్క. విన్నవారి చెవికి అది మరోలా చేరుతుంది. చూపించడానికి కారణం లేదు కాబట్టి బాధపడే హక్కూ లేదని అనిపిస్తుంది. అప్పటికే తనను తాను తప్పుపట్టుకుంటున్న మనసు మీద ఇంకో నేరం వచ్చి పడుతుంది.

జబ్బుకు కారణం వెతకడం ఏ ఇంటికైనా సహజమే. జలుబు చేస్తే వానలో తడిశావంటారు, కడుపునొప్పి వస్తే పెళ్లిభోజనం పడలేదంటారు. డిప్రెషన్ అలా ఒక్క మాటలో జవాబు చెప్పదు. వంశపారంపర్యం, చిన్ననాటి దెబ్బలు, అప్పులు, ప్రసవం, థైరాయిడ్, ఒంటరితనం, ఆప్తుల మరణం... వీటిలో కొన్ని కలిసి మనిషిని కుంగదీయవచ్చు. ఒక్కోసారి పైకి ఏమీ కనిపించకపోవచ్చు. కారణం దొరక్కపోతే ఇల్లు దోషి కోసం వెతుకుతుంది. కోడలికి బాగోకపోతే పుట్టింటి పెంపకం, కొడుక్కి బాగోకపోతే కోడలు, పిల్లలకు బాగోకపోతే సెల్‌ఫోన్. జబ్బు ఒకరిదే అయినా తప్పు మాత్రం అందరి మధ్యా చేతులు మారుతూ ఉంటుంది.

నటి దీపికా పదుకొణె 2014లో డిప్రెషన్‌కు లోనయ్యారు. మరుసటి ఏడాది ఆ సంగతి బయటికి చెప్పారు. వరుస విజయాలతో వెలుగుతున్న రోజులవి. చూడవచ్చిన తల్లి ఉజ్జల తిరుగు ప్రయాణమవుతుంటే దీపిక ఉన్నట్టుండి ఏడ్చేశారు. ప్రేమ వ్యవహారమా, పనిలో ఏమైనా జరిగిందా అని తల్లి మామూలుగా అడగాల్సినవన్నీ అడిగారు. దేనికీ కూతురి దగ్గర జవాబు లేదు. అక్కడే ఆ తల్లికి విషయం అర్థమైంది. జవాబు లేకపోవడాన్ని ఆమె మొండితనంగానో నాటకంగానో తీసుకోలేదు. జబ్బు లక్షణంగా గుర్తించి, డాక్టరు సాయం కావాలని పట్టుబట్టారు. తల్లి గమనించబట్టే తాను బయటపడగలిగానని దీపిక తర్వాత చాలాసార్లు చెప్పారు.

అలా గుర్తించే ఇళ్లు తక్కువ. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో ప్రతి 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు లోనవుతున్నారు. డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. తెలుగు పల్లెల్లో ఈ జబ్బు ముందు ఒంటి మీదే కనిపిస్తుంది. తలనొప్పి, గుండెదడ, నడుం లాగడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఆర్‌ఎంపీ దగ్గర బలానికి ఇంజెక్షన్, ఆ తర్వాత సెలైన్, ఆ తర్వాత స్కానింగ్. రిపోర్టుల్లో ఏమీ లేదంటే ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. రోగికి మాత్రం దారి మూసుకుపోయినట్టుంటుంది. సైకియాట్రిస్ట్ పేరెత్తితే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు గుర్తుకొచ్చి గుండె జారుతుంది. చెల్లెలి సంబంధాలు చెడిపోతాయన్న భయం ఒకటి. పెళ్లి చేస్తే అదే కుదురుతుందన్న సలహా మరొకటి.

ఈలోగా ఇంటి నడక మారిపోతుంది. పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చే భార్యకు తన మీద ప్రేమ పోయిందనుకుంటాడు భర్త. మగవాడిలో ఈ జబ్బు చాలాసార్లు చిరాకుగా, తాగుడుగా బయటపడుతుంది కాబట్టి అతన్ని రోగి అని ఎవరూ అనుకోరు, కోపిష్టి అంటారు. మొదట్లో జాలిపడినవాళ్లే కొన్ని నెలలకు విసిగిపోతారు. "లేచి నాలుగడుగులు నడిస్తే అదే పోతుంది" అన్న మాటలో విసుగు వినిపిస్తుంది.

ఆ విసుగు రోగిని ఏం చేస్తుందో పరిశోధకులు కొలిచారు. జిల్ హూలీ, జాన్ టీస్‌డేల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంగ్లండ్‌లో ఆస్పత్రిలో చేరిన డిప్రెషన్ రోగులను ఒక చిన్న ప్రశ్న అడిగారు: మీ జీవిత భాగస్వామి మిమ్మల్ని ఎంతగా తప్పుపడతారు? ఒకటి నుంచి పది వరకు అంకె చెప్పాలి. తర్వాత తొమ్మిది నెలలు గమనిస్తే, ఎవరికి జబ్బు తిరగబెడుతుందో ఆ ఒక్క అంకే చాలావరకు ముందుగా చెప్పగలిగింది. 1989లో అచ్చయిన ఈ అధ్యయనం చిన్నదే. అయినా వంటగదిలో, పడకగదిలో అలవాటుగా దొర్లే మాటలకూ మందుబిళ్లలకున్నట్టే మోతాదు ఉంటుందని అది చూపింది. కుటుంబమే జబ్బు తెచ్చిందని దీని అర్థం కాదు. జబ్బు నయం కావడంలో కుటుంబానికి పాత్ర ఉందని మాత్రమే అర్థం.

భారతీయ వైద్యులు ఈ సంగతి చాలా ముందే పట్టుకున్నారు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగులతోపాటు వాళ్ల కుటుంబాలనూ అక్కడే ఉంచారు. వెల్లూరు సీఎంసీలో 1957లో మొదలైన మానసిక ఆరోగ్య కేంద్రంలోనూ కుటుంబ సభ్యులు రోగితోపాటు ఉండడం పద్ధతి. చిత్తూరు వైపు నుంచీ ఇతర తెలుగు జిల్లాల నుంచీ వెల్లూరుకు చికిత్స కోసం వెళ్లే కుటుంబాలెన్నో. బంధువులను గేటు బయట నిలబెట్టే కాలంలో ఈ వైద్యులు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

పక్కన కూర్చున్నవాళ్లు చేయాల్సింది మరీ పెద్ద పనేం కాదు. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే తీవ్ర డిప్రెషన్ రోగుల మీద ఒక పద్ధతిని పరీక్షించింది. సలహా ఇచ్చినవాళ్లు మానసిక వైద్యంలో డిగ్రీలు లేని, శిక్షణ పొందిన స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది విడతలు కలిశారు. చేయబుద్ధి పుట్టాక చేద్దామని ఆగకుండా, ముందు ఒక చిన్న పని మొదలుపెట్టించడం ఆ పద్ధతిలో కీలకం. మూడు నెలల తర్వాత, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం మంది తేరుకుంటే, ఈ తోడు కూడా దొరికినవారిలో 64 శాతం మంది తేరుకున్నారు. 2017లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది.

ఇంట్లోనూ ఇదే దారి పనికొస్తుంది. తీర్థయాత్రకో టూరుకో బయల్దేరదీయడం కన్నా, స్నానానికి నీళ్లు తోడిపెట్టి పిలవడం మేలు. కూర తరుగుతూ రెండు బెండకాయలు ముందు పెట్టవచ్చు. సాయంత్రం వీధి చివరిదాకా కలిసి నడవవచ్చు. ఈ రోజు కాదంటే నిష్ఠూరమాడకుండా రేపు మళ్లీ పిలవాలి. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తేరుకున్నాక కూడా చాలా నెలలు వాడాల్సి ఉంటుంది. "బాగానే ఉన్నావుగా, ఇంకా ఎందుకు ఆ బిళ్లలు, అలవాటైపోతాయి" అని ఇంటివాళ్లే ఆపించేయడం చాలాచోట్ల జరుగుతోంది. ఆపాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాల్సిన విషయం.

"నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది" అన్న మాట వినబడితే మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలను, ఎక్కువ మాత్రలను అందకుండా చేయాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. రోగిని చూసుకుంటూ తానే అలసిపోయిన భర్తకో, కూతురికో కూడా ఆ నంబరు పనికొస్తుంది. నిద్ర మాని కాపలా కాసేవారికి వారానికి ఒక పూటైనా ఇంకొకరు ఆ పని అందుకోవాలి. చిన్నమ్మో, మేనమామో, పక్కింటివాళ్లో.

కారణం అడగడం మానుకున్న ఇల్లు ఒకరికి మాత్రం కారణం చెప్పి తీరాలి. వాళ్లు పిల్లలు. అమ్మ ఎందుకు మాట్లాడడం లేదో ఎవరూ చెప్పకపోతే, తన అల్లరి వల్లేనని ఏడేళ్ల పిల్ల నమ్మేస్తుంది. అమ్మకు జబ్బు చేసింది, అది నీ వల్ల కాదు, డాక్టరుకు చూపిస్తున్నాం అన్న మూడు ముక్కలు ఆ వయసుకు సరిపోతాయి. అమెరికాలో మిర్నా వైస్‌మన్ బృందం డిప్రెషన్ ఉన్న 151 మంది తల్లులనూ వాళ్ల పిల్లలనూ పరిశీలించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. మూడు నెలల్లో తల్లి తేరుకున్న ఇళ్లలో పిల్లల మానసిక సమస్యలు 11 శాతం తగ్గాయి. తల్లి తేరుకోని ఇళ్లలో సుమారు 8 శాతం పెరిగాయి. నెలాఖరుకు చేతిలో డబ్బు ఆడనప్పుడు, అందరికన్నా ముందు తన మందులే మానేస్తానంటుంది అమ్మ. ఆ మాటకు ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ఉండడానికి ఈ అంకెలు చాలు.